కీమాతో కడుపు నిండే సలాడ్ త్వరగా చేయడం ఎలా?

రాత్రి భోజనానికి బదులు తినగలిగేలా, కీమాతో అరగంటలోపే అయ్యే సలాడ్ ఉందా అంటే, కచ్చితంగా ఉంది. ఇద్దరికి 250 గ్రాముల కీమా చాలు. చికెన్‌దైనా మటన్‌దైనా సరే, కొవ్వు తక్కువున్నది తీసుకోండి.

అసలు రుచంతా వేయించడంలోనే ఉంటుంది. వెడల్పాటి పెనం బాగా వేడెక్కాక చెంచాడు నూనె వేసి, కీమాని పలచగా పరిచి, రెండు మూడు నిమిషాలు గరిటె పెట్టకుండా వదిలేయండి. తొందరపడి కలిపితే నీరూరి, వేగాల్సింది కాస్తా ఉడికిపోతుంది, ఆ కమ్మటి వాసన ఇక రాదు. అడుగు ఎర్రగా వేగాక ముద్దలు చిదిపి వెల్లుల్లి, జీలకర్ర పొడి, మిరియాలు, ఉప్పు వేసి పూర్తిగా ఉడకనివ్వండి. మాంసం కొట్టేటప్పుడు పైనున్న బ్యాక్టీరియా లోపలికంతా కలిసిపోతుంది కాబట్టి ఇక్కడ అశ్రద్ధ వద్దు. థర్మామీటర్ ఉంటే మటన్‌కి 71, చికెన్‌కి 74 డిగ్రీల సెల్సియస్ రావాలి.

తేలిన కొవ్వు వంచేసి కాసేపు ఆరనివ్వండి, వేడివేడిగా వేస్తే ఆకులు వాడిపోతాయి. తడి లేకుండా తుడిచిన లెట్యూస్, కీరా, టమాటా, ఉల్లిపాయ, వీటితో పాటు గుప్పెడు ఉడికించిన శనగలో రాజ్మానో తప్పకుండా వేయండి, వాటిలోని పీచు వల్ల కూడా చాలాసేపు ఆకలేయదు.

డ్రెస్సింగ్‌కి చిక్కటి పెరుగు, నిమ్మరసం, కాస్త ఆలివ్ నూనె చాలు. తినబోయే ముందే కలపండి. మిగిలితే కీమా, ఆకులు విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టుకోండి.