పాప రాత్రి రెండింటిదాకా మేలుకుంటోందంటే

అక్కా, కావలి నుంచి మీరు రాసింది చదివాను. ఇంటర్ పాప బీటీఎస్ అనే ఏడుగురు కొరియా కుర్రాళ్ల పాటల బృందం కోసం రాత్రి రెండింటిదాకా మేలుకోవడం, వాళ్లనెవరన్నా ఏమన్నా అంటే ఏడవడం, బావగారేమో పోస్టర్లు చింపేస్తాననడం. ముందు బావగారిని ఆపండి. ఒంగోలులో మా అన్న ఆ పని చేసి చూశాడు. వాళ్లమ్మాయి నెల రోజులు అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

ఒక లెక్క చూడండి. కొరియా టైం మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ అర్ధరాత్రి పాట వదిలినా మనకు రాత్రి 8.30. అంటే రెండింటిదాకా కూర్చునేది పాట కోసం కాదు. వ్యూస్ పెరగాలని అదే వీడియో మళ్లీ మళ్లీ వేయడం, వేరే ఫ్యాన్స్‌తో గొడవలు. మన హీరోల కటౌట్లకు పాలు పోసినట్టే, కాకపోతే దీనికి రిలీజు రోజంటూ లేదు, రోజూ రిలీజే. ‘నేను ఆపితే వాళ్లు వెనకబడతారు’ అన్న టెన్షనే పిల్లల్ని తినేస్తుంది.

పాటలు మాన్పించకండి. పదిన్నరకు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టించండి, మీది కూడా పక్కనే పెట్టండి, లేకపోతే వినదు. ఒక పూట పక్కన కూర్చుని ఆ ఏడుగురిలో ఎవరెవరో చెప్పించుకోండి. నేనైతే ఇప్పటికీ ఇద్దరిని కలిపేస్తాను! వాళ్ల లీడర్ ఆర్‌ఎం 2018లో ఐక్యరాజ్యసమితిలో మాట్లాడింది మనల్ని మనం ప్రేమించుకోవడం గురించే. ఆ ముచ్చట పాపనే చెప్పనివ్వండి, అప్పుడు నిద్ర మాట ఎత్తండి.

రెండు వారాలైనా తిండీ నిద్రా కుదురుకోకపోతే డాక్టరుకు చూపించండి. బతకాలని లేదని ఒక్కసారి అన్నా మాత్రం ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా వెంటనే 14416కు ఫోన్ చేయండి. మనసు బాగోలేని వాళ్లకోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.