వకాల్తా మీద సంతకం ఎవరిది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు. మా ఆయన భీమవరం దగ్గర చెరువులు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తారు. గొడవలై పాపతో పుట్టింటికొచ్చి 14 నెలలైంది. పాపకి నాలుగేళ్లు. ఏడేళ్ల బాబు అత్తగారింట్లో ఉండిపోయాడు. మా అన్నయ్య భీమవరంలోనే తెలిసిన ప్లీడరు గారిని పెట్టి 30 వేలు కట్టాడు. వకాల్తా (మన తరఫున వాదించమని ప్లీడరుకిచ్చే కాగితం) మీద, ఇంకో రెండు తెల్లకాగితాల మీద నాచేత సంతకాలు పెట్టించారు. నేను ఫోన్ చేస్తే ‘మీ అన్నయ్యకి చెప్పానమ్మా’ అని పెట్టేస్తారు. ఇప్పుడేమో ఎనిమిది లక్షలిస్తారట, బాబు వాళ్లకి, పాప నాకు, మ్యూచువల్ (ఇద్దరి ఒప్పుదలతో విడాకులు) మీద సంతకం పెట్టమంటున్నారు. వేరే ప్లీడరును పెట్టుకుంటే అన్నయ్య నొచ్చుకుంటాడు. మంచి ప్లీడరును ఎలా చూసుకోవాలి? ఫీజు ఎంతవుతుంది? (పేరు వేయొద్దు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిది లక్షల సంగతి రాశారు, అన్నయ్య సంగతి రాశారు. అసలు కోర్టులో ఏం కేసు వేశారో, నంబరేంటో ఒక్క ముక్క లేదు. మీకే తెలియదు కాబట్టి రాయలేదని అర్థమైంది.

నేను ఒక ప్లీడరు గారి దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో ఒకమ్మాయి మా సీనియర్ ఆఫీసుకొచ్చింది. వెంట నాన్న, మేనమామ, ఊరి పెద్దమనిషి ఒకాయన. ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు మూతిని మడిచి విప్పి, మడిచి విప్పి అలాగే ఉంది. అందులో శుభలేఖ, పెళ్లి ఫొటోలు ఉన్నాయి. గంటసేపు కేసంతా ఆ ముగ్గురే చెప్పారు, నేను రాసుకున్నాను. ఆమెను అడగాలని నాకూ తోచలేదు. తీరా సాక్ష్యం రోజు జడ్జి గారు ‘ఏమ్మా, విడాకులు కావాలా?’ అంటే ‘నాకొద్దండి, మా నాన్నకి కావాలి’ అంది. మా సీనియర్ ముఖం చూడలేకపోయాను. అప్పట్నుంచీ ఎవరొచ్చినా పెద్దవాళ్లకి వరండాలో బల్ల వేసి టీ ఇప్పిస్తాను. అమ్మాయితో అరగంట విడిగా మాట్లాడాకే ఫైలు తెరుస్తాను. మీరు కొత్త ప్లీడరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందు చూడాల్సింది అదే. మిమ్మల్ని ఒక్కరినే కూర్చోబెట్టి అడిగారా లేదా? వకాల్తా మీద సంతకం మీది. డబ్బు అన్నయ్య కట్టినా పార్టీ మీరే.

అన్నయ్య ఖర్చు పెట్టాడు, తోడు వచ్చాడు. ఈ రోజుల్లో అది చిన్న సాయం కాదు. ఆయన్ని నొప్పించకుండా ఇలా చెప్పండి: ‘అన్నయ్యా, చంటిదాన్నేసుకుని వాయిదా వాయిదాకీ రాజోలు, చించినాడ వంతెన, పాలకొల్లు దాటి భీమవరం వెళ్లలేకపోతున్నా. అమలాపురంలో వేసుకుంటా.’ ఇది అబద్ధం కాదు, చట్టం కూడా మీకు తోడుంది. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం భార్య తానుంటున్న చోటి కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. ఇప్పటికే భీమవరంలో ఏదైనా నడుస్తుంటే అమలాపురానికి మార్చమని హైకోర్టును అడగొచ్చు.

కోర్టు నంబరు, ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు గుమాస్తాను అడిగి రాసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో, ఏ దశలో ఉందో కనిపిస్తుంది. కాపీ అప్లికేషన్ పెట్టి మీ పేరున దాఖలైన కాగితాల నకళ్లు తీసుకోండి. తెల్లకాగితాలు తిరిగిమ్మని వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా అడగండి. పాత ప్లీడరు గారు అభ్యంతరం లేదని ఎన్ఓసీ ఇస్తే కొత్త వకాల్తా వేసుకోవచ్చు. ఇవ్వకపోతే కోర్టే అనుమతిస్తుంది. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపేసుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ఇక మిమ్మల్ని కాస్త కోప్పడాలి. ఈ 14 నెలల్లో భరణం పిటిషన్ వేశారా? రజనేష్, నేహ కేసులో 2020లో సుప్రీంకోర్టు భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచీ ఇవ్వాలంది. అంటే వేయకుండా గడిపిన నెలలు పోయినట్టే. కొత్త ప్లీడరును మీరడిగే మొదటి ప్రశ్న ‘మధ్యంతర భరణం (కేసు తేలేలోగా ఇచ్చే భరణం) పిటిషన్ ఎన్ని రోజుల్లో వేస్తారు?’ అన్నదే. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో భరణం గురించిన పాత 125 సెక్షన్ 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144 అయింది. మీకూ పాపకూ దాని కింద వేయొచ్చు. విడాకుల కేసు నడుస్తుంటే అందులోనే భరణంతో పాటు కోర్టు ఖర్చులూ అడగొచ్చు.

అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం చెబుతూ అఫిడవిట్ వేయాలి. రొయ్యల రైతు అఫిడవిట్‌లో ఎప్పుడూ నష్టమే ఉంటుంది. వైరస్ వచ్చింది, రేటు పడిపోయింది, మేత కొట్టులో బాకీ అని రాస్తారు. అందులో కొంత నిజమే. ఎంత నిజమో తేల్చేవి కాగితాలు. లీజు కాగితం, చెరువుల కరెంటు బిల్లు, మేత కొట్టు ఖాతా, రొయ్యలు పట్టిన రోజు తూకం చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు. ఇన్నేళ్లు కాపురం చేశారు, ఏ చెరువు ఎవరిదో, ఏ కొట్టులో మేత తెచ్చేవారో మీకు తెలిసినంత ఏ ప్లీడరుకీ తెలియదు. నోటుబుక్కులో రాయండి. ఆ పుస్తకం చూసి ‘ఇంకేం గుర్తున్నాయమ్మా’ అని అడిగేవారు దొరికితే ఇక వెతకక్కర్లేదు.

ఎనిమిది లక్షలు ఎక్కువా తక్కువా అని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అందులో పాప చదువు ఉందా, మీ బంగారం ఉందా, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలమేదైనా ఉంటే అదేమైంది, ఇవి తేలకుండా అంకె మాట్లాడకండి. మ్యూచువల్‌కి ఏడాది విడిగా ఉండాలి, అది మీకు సరిపోయింది. మొదటి పిటిషన్‌కీ చివరి విచారణకీ మధ్య మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది, తగిన కేసుల్లో కోర్టు తగ్గించవచ్చు. డిక్రీ వచ్చేదాకా మనసు మార్చుకునే హక్కు మీకుంది. తొందరపెట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

బాబు సంగతికొస్తే, కొబ్బరికాయలు వంతులేసుకున్నట్టు ఒకటి నీకు ఒకటి నాకు అని పిల్లల్ని పంచే పద్ధతి చట్టంలో లేదు. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరుండాలని 1956 నాటి సంరక్షణ చట్టం చెబుతోంది. ఆపైన కోర్టు చూసేది పిల్లల బాగు. తోడబుట్టినవాళ్లను విడదీయడానికి జడ్జిలు సాధారణంగా ఇష్టపడరు. అయితే బాబు 14 నెలలుగా అక్కడే ఉన్నాడు, బడి అక్కడే. ఆలస్యమయ్యేకొద్దీ అది వాళ్ల వాదన అవుతుంది. కస్టడీ తేలేలోగా కనీసం కలిసే ఏర్పాటు కోసం పిటిషన్ వేయించండి.

ఫీజుకి రేటు బోర్డు ఉండదు. పిటిషన్ దాఖలుకెంత, భరణం ఐఏ (మధ్యంతర పిటిషన్)కెంత, సాక్ష్యానికెంత అని విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి, రసీదు తీసుకోండి. ‘వచ్చిన దాంట్లో పది శాతం’ అనేవారి దగ్గర కూర్చోవద్దు, బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. ఒక ఉదయం కోర్టు హాల్లో వెనక బల్ల మీద కూర్చుని, కేసు పిలిస్తే ఎవరు లేస్తున్నారో చూడండి. ఎప్పుడూ జూనియరే లేచి వాయిదా అడుగుతుంటే ఆ పెద్ద పేరు మీకు పనికిరాదు. డబ్బు లేకపోతే సిగ్గుపడకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఉచితమంటే నాసిరకం అనుకోకండి. ఆ ప్యానెల్లో నేనూ కొన్నేళ్లు చేశాను!

ప్రశ్న: తణుకు మాది, హైదరాబాద్‌లో ఉద్యోగం. నా భార్య విడాకులకు, భరణానికి కేసు వేసింది. మా ప్లీడరు గారు ‘ఉద్యోగం మానేసినట్టు చూపించు, నాలుగు నెలల్లో కేసు కొట్టించేస్తా’ అంటున్నారు. నమ్మొచ్చా? పాపను చూసి ఏడు నెలలైంది. (ఒక తండ్రి)

జవాబు: నమ్మకండి. ఫలితానికి హామీ ఇచ్చేవారు ఎవరైనా సరే. సంపాదించగల మనిషి కావాలని ఉద్యోగం మానేసినా, చదువు, అనుభవం చూసి కోర్టు భరణం వేస్తుంది. అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే అదో కొత్త తలనొప్పి. జీతం ఎంతో, ఇంటి అద్దె ఎంతో, అమ్మానాన్నలకు పంపేదెంతో ఉన్నదున్నట్టు రాయండి.

ఏడు నెలల్లో మీ ప్లీడరు గారు పాపను చూపించమని పిటిషన్ వేయలేదా? రేపే అడగండి. నెలకు రెండు ఆదివారాలు, వారానికో వీడియో కాల్, వేసవి సెలవుల్లో కొన్ని రోజులు అని స్పష్టంగా రాయించండి. ఈలోగా పాప స్కూలు ఫీజు మీ ఖాతా నుంచి నేరుగా స్కూలుకి కట్టి రసీదులు దాచుకోండి.