దిబ్బ కంటే ముందు మ్యూజియం

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు చూడాలనుకుంటున్న బౌద్ధ క్షేత్రాల లిస్టు చూశాను. మూడు రోజుల్లో అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, నాగార్జునకొండ, గుంటుపల్లి, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ! పైగా మీ అత్తగారిని కూడా తీసుకెళ్తానంటున్నావు. ఇదంతా తిరిగితే ఆవిడ నడుం పడిపోతుంది, నీకేమో ఏ ఊళ్లో ఏం చూశావో గుర్తుండదు. సగానికి పైగా కొట్టెయ్యి. అమరావతి, నాగార్జునకొండ, గుంటుపల్లి చాలు, రోజుకొకటి. విశాఖ, అనకాపల్లి వైపువి ఇంకో సెలవుల్లో పెట్టుకో.

ముందే ఒక సంగతి చెప్పాలి. గుడికి వెళ్తే గోపురం కనిపిస్తుంది, గంట వినిపిస్తుంది, హారతి కళ్లకద్దుకుంటాం. మన బౌద్ధ క్షేత్రాల్లో అవేవీ ఉండవు. ఇటుకల వరసలు, విరిగిన స్తంభాలు, గడ్డి. ఎలా చూడాలో తెలియకపోతే పావుగంటలో 'ఇంతేనా' అనిపిస్తుంది.

నాకు అదే జరిగింది. టీచరుగా చేరిన కొత్తలో నలభై మంది పిల్లల్ని బస్సులో అమరావతి తీసుకెళ్లాను. ఆ రోజు శుక్రవారం. మ్యూజియంకి శుక్రవారం సెలవని నేను కనుక్కోలేదు. తాళం చూసి, సరే అని తిన్నగా స్తూపం దగ్గరికి నడిపించాను. స్తూపమంటే బుద్ధుడి ధాతువుల మీద కట్టే గుండ్రటి కట్టడం, అక్కడ ఇప్పుడు మిగిలింది ఒక దిబ్బే. అక్కడ ఒక పిల్ల నా కొంగు పట్టుకుని "టీచర్, స్తూపం ఏదీ?" అని అడిగింది. దాని ఎదురుగానే నిలబడి అడిగింది. ఏం చూపించాలో నాకు తోచలేదు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాం, ఈసారి మ్యూజియం చూపించాకే దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటి నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ముందు మ్యూజియం, తర్వాతే దిబ్బ.

అమరావతిలో అంత తక్కువ ఎందుకు మిగిలిందో మీ అత్తగారికి దారిలోనే చెప్పు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బలోని రాళ్లు, ఇటుకలు కట్టడాలకి వాడుకున్నారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసుకి, అక్కడి నుంచి చాలావరకు లండన్‌కి వెళ్లిపోయాయి. ఇప్పుడు మన శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి. బుద్ధుడు నాలగిరి ఏనుగుని శాంతింపజేసే ఆ గుండ్రటి ఫలకం చెన్నైలోనే ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే దాన్ని చూడకుండా రాకు. నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది ఇదంతా తలుచుకుంటే.

మ్యూజియంలో అన్నీ చూడాలని హడావిడి పడకు. స్తూపాన్నే చెక్కిన పలక కోసం వెతుకు. ఆ శిల్పులు తమ ఎదురుగా ఉన్న స్తూపాన్ని పలనాటి సున్నపురాయి మీద మళ్లీ చెక్కారు. అండం, అంటే స్తూపం గుండ్రటి పైభాగం, దాని మీద పూలదండలు, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు. ఎదురుగా అయిదు స్తంభాలు నిలువుగా ఉంటాయి, వాటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి పుట్టుక, మహాభినిష్క్రమణం (ఇల్లు విడిచి వెళ్లడం), సంబోధి (జ్ఞానోదయం), మొదటి ఉపదేశం, మహాపరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకి గుర్తులవి. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకో. తర్వాత స్తూపం దగ్గరికి వెళ్లి, గుండ్రంగా ఉన్న పునాది నాలుగు దిక్కులా ఎక్కడ ముందుకు పొడుచుకొచ్చిందో చూడు. ఆ అయిదు స్తంభాలు నిలబడింది ఆ అరుగుల మీదే. ఫొటో చేతిలో పెట్టుకుని చుట్టూ నడిస్తే దిబ్బ మీద స్తూపం నీ కళ్లముందే లేస్తుంది.

ఇంకో మాట. పాత శిల్పాల్లో బుద్ధుడి రూపం కనపడదు. ఖాళీ సింహాసనం, కింద పాదముద్రలు, వెనక బోధివృక్షం, అంతే. బుద్ధుడెక్కడ అని వెతకకుండా చుట్టూ ఉన్న మనుషుల్ని చూడు. చేతులు జోడించి, మోకాళ్ల మీద వంగి, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తుంటారు. వాళ్ల చూపులన్నీ ఆ ఖాళీ పీట మీదే ఉంటాయి. నాకు ఆ ఒక్క దృశ్యం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మీ అత్తగారికి పొద్దున్నే అమరేశ్వరుడి దర్శనం చేయించు. పంచారామాల్లో ఒకటి కదా, ఆవిడ మనసు నిమ్మళిస్తుంది. అప్పుడు రాళ్లు చూడ్డానికి ఓపిక పడుతుంది.

నాగార్జునకొండకి విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. లాంచీ ఆ రోజు నడుస్తుందా లేదా అని ముందురోజే ఫోన్ చేసి కనుక్కో. మొదటి లాంచీ ఎక్కు. దిగగానే చేయాల్సిన పని, తిరుగు లాంచీ ఎన్నింటికో అడగడం. నీళ్ల మీద వెళ్తున్నంతసేపూ ఫోన్ లోపల పెట్టి చుట్టూ చూడండి. శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఆ నీళ్ల కిందే ఉంది. 1926లో ఈ చోటు బయటపడింది. 1955 డిసెంబర్ 10న ఈ లోయని ముంచిన నాగార్జునసాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన జరిగే నాటికి లోయలో తవ్వకాలు సాగుతూనే ఉన్నాయి, 1960 దాకా సాగాయి. కొన్ని కట్టడాల్ని ఊడదీసి తెచ్చి కొండ మీద మళ్లీ కట్టారు. మరికొన్ని ఒడ్డున అనుపులో ఉన్నాయి. లాంచీ లేకపోయినా అనుపుకి కారులో వెళ్లొచ్చు.

అక్కడి శాసనాల్లో ఆడవాళ్ల పేర్లు చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, స్తంభాలు నిలబెట్టింది. బోధిసిరి రాణి కాదు, ఒక ఉపాసిక, అంటే సన్యాసం తీసుకోని భక్తురాలు. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆవిడ కట్టడాలు కట్టించి, తాను చేసిన దానాలన్నీ రాతి మీద రాయించింది. వీళ్ల సంగతి మీ అత్తగారికి తప్పకుండా చెప్పు.

గుంటుపల్లి జీలకర్రగూడెం దగ్గర ఉంది. మెట్లు ఎక్కాలి. కొండని తొలిచిన గుండ్రటి చైత్యం (స్తూపం ఉన్న ప్రార్థన మందిరం) లోపలికి వెళ్లి తలెత్తి చూడు. పైకప్పుకి రాతిలోనే వాసాలు చెక్కారు, పూరింటికి ఉన్నట్టే. రాతిగుహకి వాసాలెందుకు? కర్రతో కట్టడం అలవాటైన చేతులవి. రాయి దొరికినా ఆ ఇల్లే చెక్కాయి. మధ్యలో ఉన్న స్తూపాన్ని ఊళ్లోవాళ్లు ధర్మలింగేశ్వరుడని పూజిస్తారు. ఎవరైనా దండం పెట్టుకుంటుంటే 'ఇది లింగం కాదండీ' అని చెప్పడానికి వెళ్లకు. వాళ్ల దండాలు ఆగకపోవడం నాకైతే సంతోషమే.

స్తూపం ఎక్కడున్నా కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణం చెయ్యి, దాని మీదకి ఎక్కకు. భిక్షువులు కూర్చుని సూత్రాలు చదువుతుంటే కాస్త దూరంగా ఆగు, అడగకుండా ఫొటో తీయకు. శాసనం అక్షరాలు స్పష్టంగా కనపడాలని సుద్దముక్కతో రుద్దే వాళ్లని చూశాను, ఆ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. సాయంత్రం వాలు వెలుతురులో అవే అక్షరాలు బాగా తేలతాయి. ఎండలు ముదరకముందే, సంక్రాంతి లోపు వెళ్లిరండి.

గుంటుపల్లిలో మీ అత్తగారు మెట్లెక్కలేకపోతే బలవంతం చేయకు. కింద నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా చేతికిచ్చి, నువ్వు గబగబా పైకెళ్లి ఆ వాసాల ఫొటో తెచ్చి చూపించు. టికెట్లు బుక్ చేసేముందు క్యాలెండర్ చూసుకో, అమరావతి శుక్రవారం పడకూడదు. ఆవిడకి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ