నినాదంగా మారిపోతున్న కవిత గురించి

ప్రేమ కవితలు సులువుగానే వస్తున్నాయనీ, గుంటూరులో మిర్చి తొడిమలు తీసే స్త్రీల కూలి గురించి రాయబోతే మాత్రం ప్రతి పాదమూ నినాదంలా వినిపిస్తోందనీ మీరు రాశారు. మీ కవితలోని 12 పాదాల్లో ‘అణచివేత’, ‘సంకెళ్లు’, ‘పిడికిలి’ అనే మాటలు కలిపి 7 సార్లు వచ్చాయి, కానీ తొడిమలు తీసే స్త్రీ చేతులు ఒక్కసారైనా కనిపించలేదు. లోపం అక్కడే ఉందని నా అభిప్రాయం.

రోజంతా ఘాటులో కూర్చున్న తల్లి, ఎంత కడిగినా మంట తగ్గని వేళ్లతో బిడ్డ ముఖాన్ని తాకడానికి వెనుకాడుతుంది. ఆ వెనుకాడటంలోనే ప్రేమ, ఆడబతుకు, చాలీచాలని కూలి మూడూ ఉన్నాయి కనుక వాటిని విడిగా పేర్కొననక్కరలేదు.

వినుకొండలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, విరహి తన ప్రియురాలికి మేఘంతో కబురంపే పాత ప్రేమకావ్య పద్ధతినే తీసుకుని, అంటరానివాడని గుడి బయట నిలిపిన మనిషి గబ్బిలం ద్వారా శివుడికి తన గోడు చెప్పుకొనేలా మలిచారు. ప్రేమ కవిత మీకు పట్టుబడింది కాబట్టి మీరూ దాన్ని వదలకుండా, ఆమె తన భర్తకో బిడ్డకో చెప్పుకొనే మాటలుగా ఈ కవితను తిరగరాయండి. ‘అణచివేత’, ‘సంకెళ్లు’, ‘పిడికిలి’ అనే మూడు మాటలనూ కొట్టివేసి, పైకి చదివి చూడండి. చివరి రెండు పాదాలు నాకు నచ్చాయి గానీ, అవి ఈ కవితవి కావు, మరోదానికి దాచుకోండి.