లా చదవకుండా పేటెంట్ ఏజెంట్ కావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ పూర్తిచేసింది. సాఫ్ట్‌వేర్ వద్దు, పేటెంట్ కన్సల్టెంట్‌నవుతా అంటోంది. దానికి మళ్లీ లా చదవాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లా డిగ్రీ అక్కర్లేదండీ. ఇతరుల తరఫున పేటెంట్ ఆఫీసులో దరఖాస్తులు నడిపేవారిని పేటెంట్ ఏజెంట్ అంటారు, దానికో పరీక్ష ఉంది. సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉన్న, 21 ఏళ్లు నిండిన భారత పౌరులెవరైనా ఆ పరీక్ష రాయొచ్చు. మొదటి పేపర్ చట్టం, రూల్స్ మీద, రెండోది డ్రాఫ్టింగ్ (పేటెంట్ పత్రాలు రాయడం), ఆపైన వైవా. రాత పేపర్లు ఒక్కోదానికి 100 మార్కులు. రెండు పేపర్లలోనూ విడివిడిగా 50, మొత్తం మీద 60 శాతం రావాలి. చిక్కల్లా పరీక్ష ఏటా జరగకపోవడమే: 2018 తర్వాత మళ్లీ 2023లోనే పెట్టారు. అందుకని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఏదైనా పేటెంట్ సంస్థలో సెర్చ్ పనిలో (అలాంటిది ముందే ఉందా అని పాత పేటెంట్లు వెతకడం) చేరడం మేలు. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో పేటెంట్ లా పీజీ డిప్లొమా ఉంది. పునాదికి మంచిదే, కానీ అది చేసినా పరీక్ష తప్పదు.

అసలు నైపుణ్యం క్లెయిమ్స్ రాయడంలో, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు రాయడంలో ఉంది. ఒకరు మిర్చి తొడిమలు తీసే యంత్రం చేసుకొచ్చారనుకోండి. ఆయన చెప్పినట్టే ‘12 వోల్టుల మోటారు, రెండు స్టీలు బ్లేళ్లు’ అని రాస్తే, పక్కవాడు చేత్తో తిప్పే పిడి పెట్టి దర్జాగా అమ్ముకుంటాడు. పోనీ ‘తొడిమ తీసే యంత్రం’ అని విశాలంగా రాస్తే, దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ పాత పేటెంటొకటి చూపించి కొట్టేస్తారు. కాయను పట్టి ఉంచేదేది, తొడిమను విడదీసేదేది, ఆ రెండిటి మధ్య కొత్తగా ఉన్న అమరిక ఏది అన్నది పట్టుకుని ఒకే వాక్యంలో బిగించాలి. చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది.

ఇన్వెంటర్లు ఎక్కువగా దెబ్బతినేది తొందరపాటుతో. దరఖాస్తుకు ముందే యంత్రాన్ని యూట్యూబ్‌లో పెడితే కొత్తదనం అక్కడే పోతుంది. చట్టంలో మినహాయింపులున్నా చాలా పరిమితం. ఇంకొందరు రెండు పేజీల ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసి ధీమాగా ఉంటారు. అందులో వివరించని భాగానికి ఆ దరఖాస్తు వేసిన తేదీ దక్కదు. 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ పత్రం) వేయకపోతే దరఖాస్తే వదిలేసినట్టు లెక్క. ఎగ్జామినర్ అభ్యంతరాలు తెలిపే ఎగ్జామినేషన్ రిపోర్టుకు జవాబివ్వడానికి గడువు 6 నెలలు, అడిగితే ఇంకో 3. ఈ తేదీలన్నీ క్యాలెండర్‌లో పెట్టుకుని క్లయింట్‌ను తరమడం కూడా ఏజెంట్ ఉద్యోగమే.

ఫీజులూ తెలిసుండాలి. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రూ. 1,600, ఎగ్జామినేషన్ కోరడానికి రూ. 4,000. పేజీలు 30, క్లెయిమ్స్ 10 దాటితే అదనం. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై పేటెంట్ ఆఫీసుకే వెళ్తాయి.

ఈలోగా ఒక పని చేయించండి. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ముందు పెట్టుకుని, బ్రాండూ కొలతలూ లేకుండా, మూత ఎలా బిగుసుకుంటుందో ఒక్క వాక్యంలో రాయమనండి. చదివితే మీకు మూత కళ్లకు కట్టకపోతే మళ్లీ రాయించండి. నాలుగోసారికి విసుక్కుంటే ఈ వృత్తి గురించి ఇంకోసారి ఆలోచించుకోవాలి. తనంతట తనే ఐదోసారి దిద్దుకుంటే సెర్చ్ ఉద్యోగాలకు ఇప్పుడే దరఖాస్తు చేయించండి.