ఓడినవాడి సంతకం

తమ్ముడూ,

నీ చదరంగం కథ రెండుసార్లు చదివాను. చివరి పేజీకి వచ్చేసరికి కోపం వచ్చింది. నల్గొండ కుర్రాడు మంత్రిని బలిచ్చి ‘చెక్‌మేట్’ అని అరుస్తాడు, హాలంతా చప్పట్లు! లీగ్ ఆటలో అలా ఎక్కడ జరుగుతుంది? పక్క బోర్డుల మీద ఇంకా ఆటలు నడుస్తుంటే అంపైర్ లాంటి ఆర్బిటర్ ఊరుకుంటాడా? మేట్ దాకా లాగేవాళ్లు కూడా తక్కువే. ఇక లాభం లేదని తెలిశాక గడియారం ఆపి చెయ్యి అందిస్తారు. తర్వాత ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ల మీద ఇద్దరూ సంతకం పెట్టాలి, ఓడినవాడు కూడా. నీ కథ అక్కడుంది. నువ్వేమో దాన్ని దాటిపోయావు.

గొప్ప ఎత్తుతోనే ఆట తేలుతుందని ఎవరు చెప్పారు నీకు? 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ తేలింది 14వ ఆటలో. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువే, అయినా డ్రా కావాల్సిన ఆట. 55వ ఎత్తులో అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. మరో మూడు ఎత్తులకు బోర్డు మీద రాజులూ బంట్లే మిగిలాయి. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. అంతటివాడి చెయ్యే తప్పింది. ఆ చెయ్యిని రాయాలి తమ్ముడూ.

చాలా ఏళ్ల కింద మహబూబ్‌నగర్‌లో మా జట్టు తరఫున ఆడాను. గెలిచే ఆట. రాజును కదపాలనుకుని టెన్షన్‌లో ఏనుగును ముట్టుకున్నా. ముట్టుకున్న పావునే కదపాలి, ఏ గడిలో పెట్టినా నా బంటు పోతుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా వైపు చూడలేదు. తన షీట్ మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కల్వకుర్తి మీదుగా బస్సులో ఇంటికొచ్చేదాకా నాకు నోట మాట రాలేదు.

అదే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ‘ఓడేవాడి కథ ఎవరు చదువుతారు, గెలిపించండి’ అని రాశాడు సంపాదకుడు. మన నల్గొండ మాటలు కూడా తీసేయమన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో రెండూ చేశాను. కథ అచ్చయింది. అందులో ఆ పెద్దాయన లేడు. ఆ సంచిక ఇప్పటికీ తెరవలేను.

ఎదుటివాడి గడియారంలో రెండు నిమిషాలే ఉన్నాయని చూసి, నీ కుర్రాడు నీళ్లు తాగకుండానే సీసా మూత మళ్లీ బిగిస్తాడు చూడు, అది బాగుంది.

కానీ ఆ ఎదుటివాడికి పేరేది? పన్నెండు పేజీల్లోనూ ‘ప్రత్యర్థి’ అనే రాశావు. జడ్చర్ల నుంచి వచ్చాడా, నారాయణపేట నుంచా? తిరుగు బస్సు ఎన్నింటికి? సంతకం పెట్టడానికి పెన్ను ఎవరిచ్చారు? అది రాసి పంపు.

ప్రేమతో,
అన్న