మంచు ఊళ్లో ఇంగ్లిష్ టీచర్ కొలువు: ఉన్న మూడున్నర లక్షలు అప్పుకు కట్టేయాలా?

ప్రశ్న: జపాన్‌లోని అవొమొరి ప్రిఫెక్చర్‌లో బడి పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే సహాయ ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చింది. ఆగస్టు 20న ప్రయాణం. జీతం నెలకు 2,40,000 యెన్లు. విద్యారుణం ఈఎంఐ రూ.18,000. చేతిలో రూ.3.5 లక్షలున్నాయి. అది అప్పుకు కట్టేసి వెళ్లమని స్నేహితులు, నెలకు రూ.20,000 చిట్టీ వేయమని నాన్నగారు అంటున్నారు. ఆయనకు 61 ఏళ్లు, రిటైరయ్యారు. ఇంటికీ కొంత పంపాలి. మూడేళ్లు ఉండాలని ఆలోచన. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ మూడున్నర లక్షల్లోంచి ఒక్క రూపాయి కూడా ఇప్పుడు అప్పుకు ముందుగా కట్టకండి. చిట్టీ ఆలోచన కూడా తొలి చలికాలం గడిచేదాకా పక్కన పెట్టండి. అప్పు మీద వడ్డీ పెరుగుతుంది, నిజమే. కానీ చేతిలో యెన్లు లేకుండా నవంబరులోకి అడుగుపెడితే మీకు అక్కడ అప్పిచ్చేవారు ఉండరు. కొత్తగా వచ్చిన విదేశీయులకు అక్కడి బ్యాంకుల్లో రుణం దొరకడం చాలా కష్టం.

ముందుగా మూడు ఈఎంఐలకు సరిపడా రూ.54,000 ఇక్కడి ఖాతాలోనే ఉంచండి. మిగిలేది రూ.2,96,000. యెన్ విలువ 57 పైసలు అనుకుంటే సుమారు 5,19,000 యెన్లు. ఇది పెద్ద మొత్తంలా కనిపిస్తుంది గానీ కరిగిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. అద్దె 45,000 అయితే డిపాజిట్, ఇంటి యజమానికిచ్చే, తిరిగి రాని ‘రెయికిన్’, ఏజెంటు రుసుము, పూచీ సంస్థ రుసుము, మొదటి నెల అద్దె కలిపి నాలుగు నుంచి ఐదు నెలల అద్దె ఒకేసారి అడుగుతారు. అంటే దాదాపు 2,00,000. చాలా ఇళ్లలో ఫ్రిజ్, కర్టెన్లే కాదు, గదిలో లైటు కూడా ఉండదు. పాత సామాన్ల దుకాణంలో కొన్నా పరుపు, హీటర్, వాషింగ్ మెషీన్‌తో కలిపి 90,000 పెట్టుకోండి. చాలా కంపెనీలు ఈ నెల జీతం వచ్చే నెలాఖరున ఇస్తాయి. పూర్తి నెల జీతం అక్టోబరు చివర్లో గానీ చేతికి రాకపోవచ్చు, అప్పటిదాకా తిండికీ తిరుగుడుకూ 1,50,000 కావాలి. అన్నీ పోను మిగిలేది 80,000 లోపే. టీచర్ల క్వార్టర్లు ఉన్నాయేమో స్థానిక విద్యా మండలిని అడిగించండి. దొరికితే పై లెక్కలో సగం భారం తగ్గుతుంది. వెళ్లేటప్పుడు విదేశీ నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువకు మించి తీసుకెళ్లకూడదు. మిగతాది ఫారెక్స్ కార్డులో యెన్లుగా వేయించుకోండి.

సంతకం చేసే ముందు ఒప్పందంలో రెండు విషయాలు వెతకండి. ఒకటి, బడి సెలవుల్లో జీతం కోత. బడులకు టీచర్లను పంపే మధ్యవర్తి కంపెనీలు చాలావరకు డిసెంబరు, మార్చి, ఆగస్టు నెలల్లో పనిదినాల లెక్కన తగ్గించి ఇస్తాయి. డిసెంబరు కోత సరిగ్గా హీటరు ఖర్చు పెరిగే నెలలో పడుతుంది. రెండోది ‘షకై హోకెన్’, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, పింఛను. అది ఉంటే పింఛనుకు 21,960, బీమాకు 12,000 దాకా, నిరుద్యోగ బీమా, ఆదాయ పన్ను పోను చేతికి దాదాపు 2,00,000 వస్తుంది. లేకపోతే ఆ రెండూ మీరే పూర్తిగా కట్టుకోవాలి. యజమాని వాటా ఉండదు. వెళ్లిపోయేటప్పుడు వెనక్కి వచ్చే పింఛను సొమ్ము కూడా బాగా తగ్గుతుంది.

ఇక చలి ఖర్చు. ఉత్తర జపాన్‌లో ఇల్లు వెచ్చగా ఉంచేది ఎక్కువగా కిరోసిన్. ఒక లీటరు దాదాపు 10 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడినిస్తుంది, ధర లీటరుకు 110–130 యెన్ల మధ్య. అదే 10 యూనిట్ల కరెంటుకు 300 యెన్లు దాటుతుంది. అందుకే చౌకగా దొరికిందని కొనే, కరెంటుతో నడిచే ఆయిల్ హీటర్ జనవరి బిల్లులో దెబ్బ కొడుతుంది. కిరోసిన్ ఫ్యాన్ హీటరు పూర్తి వేగంతో గంటకు 0.3 లీటరు తాగుతుంది. రోజుకు ఆరు గంటలంటే నెలకు 54 లీటర్లు, అంటే 18 లీటర్ల డబ్బాలు మూడు, ఖర్చు 6,000–7,000. కొన్ని అపార్ట్‌మెంట్లలో కిరోసిన్ హీటరు నిషిద్ధం. ఒప్పందం చూసుకున్నాకే కొనండి. గంటకోసారి కిటికీ తెరిచి గాలి మార్చాలి, లేదంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. నిరుటి కిరోసిన్ వాడితే హీటరు పాడవుతుంది. చలి మైనస్ 4 డిగ్రీలకు దిగుతుందన్న రాత్రి, ఊరెళ్లే రోజు పైపుల్లో నీళ్లు ఖాళీ చేసే వాల్వు తిప్పడం మరవకండి. పగిలిన పైపు బిల్లు సాధారణంగా అద్దెకున్నవారి మీదే పడుతుంది. ఆ వాల్వు ఎక్కడుందో ఇంటి తాళాలు తీసుకునే రోజే చూపించమనండి.

కారు వీలైతే మొదటి చలికాలానికి వద్దు. బస్సు లేక తప్పకపోతే 660 సీసీ చిన్న కారు చాలు, కానీ మంచు టైర్ల సెట్టు కలిపి ఇచ్చేదే బేరమాడండి. విడిగా కొంటే 30,000–60,000 యెన్లవుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 3521 అంటే 2021లో 35వ వారం తయారీ. మూడు నాలుగు చలికాలాలు దాటిన రబ్బరు గట్టిపడుతుంది, గాట్లు లోతుగా కనిపించినా మంచు మీద పట్టు ఇవ్వదు. రోడ్ల మీద చల్లే లవణాల వల్ల కారు అడుగు భాగం తుప్పు పడుతుంది. వంగి చూడకుండా డబ్బు ఇవ్వకండి. రెండేళ్లకోసారి జరిగే ‘షాకెన్’ తనిఖీలో ఆ తుప్పే వేలకు వేలు తినేస్తుంది. మన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గరిష్ఠంగా ఏడాదే చెల్లుతుంది. తర్వాత అక్కడి లైసెన్సుకు రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాలి.

చాలామంది బోల్తాపడేది నివాస పన్ను దగ్గర. దీన్ని ‘జూమిన్‌జే’ అంటారు. గత క్యాలెండర్ ఏడాది ఆదాయంలో మినహాయింపులు పోను మిగిలినదాని మీద సుమారు 10 శాతం, జూన్ నుంచి మరుసటి మే దాకా వసూలు చేస్తారు. మీరు ఆగస్టులో వెళ్తున్నారు కాబట్టి ఆ ఏడాది ఆదాయం తక్కువ, మొదటి జూన్‌లో దాదాపు ఏమీ పడదు. రెండో జూన్‌లో పూర్తి ఏడాది లెక్కతో ఏటా 1,10,000 యెన్ల దాకా, అంటే నెలకు 9,000కు పైగా మొదలవుతుంది. జీతం పెరగకుండానే చేతికొచ్చేది తగ్గుతుంది. ఈఎంఐని, ఇంటికి పంపేదాన్ని ఇప్పటి 2,00,000 మీద కాకుండా 1,90,000 మీద లెక్కేసుకోండి.

నాన్నగారికి పంపే డబ్బుతో కొంత పన్ను తగ్గించుకోవచ్చు. విదేశంలో ఉన్న 30–69 ఏళ్ల ఆధారితులకు మినహాయింపు కావాలంటే జనవరి–డిసెంబరు మధ్య ఒక్కొక్కరికి కనీసం 3,80,000 యెన్లు పంపినట్టు రసీదులు, బంధుత్వ పత్రం చూపాలి. 3,79,000 పంపితే ఏమీ రాదు. మీ సొంత ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (ప్రవాసులు విదేశీ సంపాదన ఇక్కడికి పంపుకునే ఖాతా) పంపినది లెక్కలోకి రాదు, ఆయన పేరున్న ఖాతాకే వెళ్లాలి. అమ్మగారికీ కలిపి నాన్నగారి ఖాతాకు వేస్తే అదంతా ఆయన ఒక్కరికే లెక్క. మినహాయింపు దక్కితే ఆదాయ, నివాస పన్నులు కలిపి ఏడాదికి 52,000 యెన్ల దాకా, సుమారు రూ.30,000 మిగులుతుంది. మొదటి నాలుగు నెలలకు దీని జోలికి పోకండి, ఆ ఏడాది పన్నే నామమాత్రం. తర్వాతి ఏడాది నెలకు రూ.10,000 చొప్పున పంపుతూ నవంబరు మధ్యలో మొత్తం చూసుకోండి. మిగులు ఉంటేనే డిసెంబరు 31లోపు తక్కువైనది ఒకేసారి పంపండి.

ఇక్కడి పనులు తక్కువే. బయల్దేరాక మీ పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసులు ఇక్కడి రాబడి కోసం ఉంచుకునే ఖాతా) మార్పించాలి, జీతం పంపుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ తెరవాలి. ఆగస్టు 20 నాటికి ఈ ఆర్థిక సంవత్సరంలో మీరు దేశంలో ఉన్నది 142 రోజులే. 182కి తక్కువ కాబట్టి ఎన్‌ఆర్‌ఐ అవుతారు, జపాన్ జీతానికి ఇక్కడ పన్ను లేదు. ప్రయాణం అక్టోబరుకు జారితే ఆ లెక్క తప్పుతుంది.

చిట్టీ ఎందుకు వద్దంటే, వాయిదా రూపాయల్లో, సంపాదన యెన్లలో. 2020లో 70 పైసల దగ్గరున్న యెన్ 2024 జూలైలో 52 పైసలకు పడింది. మీ రూ.18,000 ఈఎంఐకి అప్పుడు 25,700 యెన్లు చాలేవి, తర్వాత 34,600 కావాల్సి వచ్చింది. ఈఎంఐ ఎలాగూ తప్పదు. దాని మీద ఇంకో రూపాయి బాధ్యత నెత్తిన వేసుకోకండి.

అప్పు తగ్గించే అసలు అవకాశం మీరు తిరిగొచ్చేటప్పుడు ఉంది. 36 నెలలు ఉద్యోగుల పింఛను కట్టి దేశం విడిచాక, రెండేళ్లలోపు దరఖాస్తు చేస్తే సగటు జీతానికి 3.3 రెట్లు, అంటే 7,92,000 యెన్లు వస్తాయి. అందులో 20.42 శాతం పన్ను కోసి 6,30,000 దాకా ముందు పంపుతారు. మిగతా 1,61,000 వెనక్కి రావాలంటే మీ తరఫున అక్కడ ఒక పన్ను ప్రతినిధి ఉండాలి. వచ్చేముందే ఆ ఫారం పన్నుల కార్యాలయంలో ఇచ్చేయండి, పింఛను నంబరు కాగితం పారేయకండి. ఈ సొమ్ము తీసుకుంటే రెండు దేశాల్లో పింఛను కట్టిన కాలాన్ని కలిపి లెక్కించే భారత్–జపాన్ సామాజిక భద్రతా ఒప్పందం కింద ఆ మూడేళ్లు లెక్కకు రావు. మళ్లీ జపాన్‌లో పనిచేసే ఆలోచన ఉంటే ఆగి నిర్ణయించుకోండి. మార్చిలో ఒప్పందం ముగిసి వస్తే, జనవరి 1న అక్కడ ఉన్నందుకు గత ఏడాది నివాస పన్ను ఆ జూన్‌లోనూ పడుతుంది. 1,10,000 యెన్లు దానికి విడిగా ఉంచండి. కోసిన పన్ను కూడా వెనక్కి వచ్చాక, అవి పోను మిగిలే రూ.3.5–4 లక్షలు అప్పుడు విద్యారుణం అసలుకు కట్టండి. మారే వడ్డీ రుణమైతే ముందస్తు చెల్లింపుకు రుసుము ఉండదు.